అమ్మ చేతులు అలా ఉండకూడదట

నా చేతులు చూసి దర్శకుడు షాట్ ఆపించాడు.

ఫిల్మ్‌నగర్‌లో కొండవాలు మీదున్న ఒక పాత బంగళా పెరట్లో పూరిల్లు సెట్ వేశారు. నేను కథానాయకుడి తల్లిని. రోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతున్నాను. కెమెరా దగ్గరికొచ్చింది. పొత్రం తిప్పినప్పుడల్లా పొట్టి చేతుల జాకెట్టు కింద నా దండకండ ఉబికి కనబడుతోందట. దర్శకుడు మానిటర్ ముందు నుంచి లేచి, చెప్పులు టపటపలాడించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏమనుకోకండమ్మా. మీ చేతులేంటండీ అలా ఉన్నాయి?"

"ఎలా ఉన్నాయి?"

"అదే... గట్టిగా. అమ్మంటే చూడగానే జాలి పుట్టాలి కదండీ."

"ఈవిడ క్వారీలో రాళ్లు కొట్టి కొడుకుని పెంచిందని మీరే కదా కథ చెప్పారు? రాళ్లు కొట్టిన మనిషి చేతులు ఇలా ఉండక ఎలా ఉంటాయి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. "లాజిక్ వద్దమ్మా, ఎమోషన్ చూద్దాం," అన్నాడు.

కాస్ట్యూమర్‌ని పిలిచి నాకు మోచేతులు దాటే జాకెట్టు వేయించారు. దాని మీద ఒక శాలువా కప్పారు. నడి ఏప్రిల్. సెట్లో దీపాల వేడికి మొహం మీది రంగు కారిపోతోంది. క్వారీలో రాళ్లు కొట్టే తల్లి ఎండాకాలంలో శాలువా కప్పుకుని పిండి రుబ్బుతుంటే ఎవరికీ వింతగా అనిపించలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఇరవై ఏళ్లకు పైగా నేను సినిమాల్లో అమ్మని. అంతకుముందు గుంటూరు జిల్లా నాటక పరిషత్తు పోటీల్లో అన్ని రకాల వేషాలూ వేశాను. రాణిని, రౌడీని, పిచ్చిదాన్ని. హైదరాబాదు వచ్చాక అన్నీ పోయి అమ్మ ఒక్కటే మిగిలింది. ఆ అమ్మ కూడా ఒకే రకం. దగ్గుతుంది. తూలుతుంది. కొడుకు ఆలస్యంగా వస్తే గుమ్మం పట్టుకుని నిలబడుతుంది. విలన్ మనుషులు ఒక్క తోపు తోస్తే గోడకు కొట్టుకుని నుదురు పగలగొట్టుకుంటుంది. నాకు నలభై నిండకముందే నాకంటే కాస్త చిన్నవాడైన హీరోకి అమ్మనయ్యాను. జుట్టుకు తెల్ల రంగు పూసుకుని వణకడం నేర్చుకున్నాను. అలా ఏళ్ల తరబడి వణుకుతూ, వంగి నడుస్తూ, మిగతా రోజంతా కేరవాన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి ఉన్నాను. శరీరం మనం చేసేదాన్నే నేర్చుకుంటుంది. నాదీ వంగడమే నేర్చుకుంది.

అది ఎంత బాగా నేర్చుకుందో జూబ్లీహిల్స్‌లో ఒక అద్దె బంగళాలో తెలిసింది. షూటింగుల కోసమే ఉంచిన ఇల్లది. కొడుకు విదేశం నుంచి వచ్చాడని తల్లి మెట్లు దిగి పరుగెత్తుకు రావాలి. పాలరాతి మెట్లు. మొదటి టేక్ బాగానే దిగాను. లైటింగ్ మార్చి మళ్లీ అన్నారు, ఫోకస్ పోయిందని మళ్లీ అన్నారు. తర్వాత నా మోకాళ్లు నా మాట వినలేదు. చివరి మెట్టు దగ్గర జారి, చెయ్యి ఆనించి పడ్డాను. పెద్ద పడటం కాదు. పిల్లలు రోజూ అలా పడి లేస్తుంటారు. కానీ నా మణికట్టు పుటుక్కుమంది.

నన్ను కారెక్కించి పంపించారు. ఆ సాయంత్రానికే నా చీర కట్టుకుని ఇంకో అమ్మ అవే మెట్లు దిగింది.

ఆసుపత్రిలో ఎముకల పరీక్ష చేసి, నా ఎముకలు పలచబడ్డాయన్నారు. ఆ డాక్టరు నా వైపు చూడకుండా మందులు రాస్తూ, "ఇక బరువులు ఎత్తకండి. నీళ్ల బకెట్ కూడా ఎత్తకండి. మెల్లగా నడవండి, జాగ్రత్తగా ఉండండి," అన్నాడు. నాకప్పుడు యాభై మూడు. ఇంకా ఎన్నేళ్లు బతుకుతానో తెలియదు. ఆ మిగిలిన కాలమంతా బకెట్ ఎత్తకుండా బతకాలట.

కట్టు విప్పిన రోజు ఏడ్చాను. నొప్పికి కాదు. కట్టులో ఉన్న కొద్ది వారాలకే ఆ చెయ్యి పుల్లలా అయిపోయింది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుంటే ఇద్దరు వేరువేరు మనుషులవిలా ఉన్నాయి. పని లేని కండను శరీరం అంత తొందరగా వదిలేస్తుందని నాకెవరూ చెప్పలేదు. నేనూ మా అక్కా మధురానగర్‌లో ఒక ఫ్లాట్‌లో ఉంటాం. ఆ రోజు అక్క నా చెయ్యి పట్టుకు చూసి, "ఇదేంటే, కోడికాలులా ఉంది!" అంది. ఆవిడ నవ్వించాలనే అంది. నాకు నవ్వు రాలేదు.

టోలిచౌకి దగ్గర ఇంకో ఎముకల డాక్టరమ్మ ఉందంటే వెళ్లాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, పాత పరీక్షలన్నీ చూసి, "మందు వాడండి. దాంతోపాటు ఎముకకు పని కూడా పెట్టండి. బరువు పడితేనే ఎముక తనను తాను గట్టిపరుచుకుంటుంది. కాకపోతే తెలిసినవాళ్ల దగ్గర, మెల్లమెల్లగా," అంది. మొదటి డాక్టరు మీద అప్పుడొచ్చిన కోపం ఇవాళ్టికీ పోలేదు. ఆయన మాటే విని ఉంటే నేనీపాటికి మంచానికి అతుక్కుపోయి, నేను వేసే వేషాల్లో ఒకదాన్ని అయిపోయేదాన్ని.

ముందు జూబ్లీహిల్స్‌లో ఒక అద్దాల జిమ్‌కి వెళ్లాను. లోపల చలి. గోడల నిండా వీపులు చూపిస్తున్న మగవాళ్ల ఫొటోలు. నన్ను చూడగానే ఒక కుర్రాడు ముచ్చటగా నవ్వి, గులాబీ రంగు బుల్లి డంబెల్స్ రెండు నా చేతిలో పెట్టాడు. నా హ్యాండ్‌బ్యాగ్ వాటికంటే బరువుంటుంది.

"ఆంటీ, మీకు టోనింగ్ చాలు. తర్వాత ట్రెడ్‌మిల్ మీద కాసేపు వాకింగ్ చేసుకోండి, టీవీ కూడా ఉంది," అన్నాడు.

"నాకు ఎముకలు గట్టిపడాలి బాబూ. బరువులెత్తమని డాక్టరమ్మ చెప్పింది."

"ఈ ఏజ్‌లో హెవీ వద్దాంటీ, రిస్క్."

డంబెల్స్ అక్కడే కౌంటర్ మీద పెట్టి వచ్చేశాను. నా వయసు ఆడదానికి అందరూ కలిసి ఒకే మందు రాసేశారు, అది జాగ్రత్త. జాగ్రత్తగా ఉండే నేను మెట్టు మీద నుంచి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాను.

ఫిల్మ్‌నగర్‌లో ఒక సందులో, పంక్చర్ల షాపు పైన ఉన్న జిమ్ సంగతి మా ఫైటర్లలో ఒకరు చెప్పారు. దాన్ని నడిపే ఆవిడ ఒకప్పుడు రాష్ట్రం తరఫున వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్లింది. ఆ తర్వాత చదువుకుని శిక్షకురాలైంది. నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నేను లోపలికి వెళ్లేసరికి ఎవరినో తిడుతోంది. నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఒక కుర్చీ లాగి, "కూసో," అంది. కూర్చున్నాను.

"ఇప్పుడు చేతులు ఆనియ్యకుండ లెవ్వు."

లేవలేకపోయాను. కుర్చీ అంచు పట్టుకోకుండా లేవడానికి రెండుసార్లు ఊగాల్సి వచ్చింది. ఆవిడ నవ్వలేదు, జాలీ పడలేదు. "మంచిది. గీడికెళ్లే షురూ చేద్దాం," అంది.

మొదట్లో నన్ను నువ్వు అని పిలుస్తుంటే నాకు చురుక్కుమనేది. మా వైపు కొత్తవాళ్లను అలా పిలవరు. కొన్నాళ్లకు అర్థమైంది, ఆంటీ అని పిలిచి గులాబీ డంబెల్స్ ఇచ్చినవాడి మర్యాద కంటే ఈ నువ్వులో నాకు ఎక్కువ గౌరవం ఉంది. ఈవిడ నన్ను చేయగలిగిన మనిషి కింద లెక్కవేస్తోంది.

కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. గోడను నెట్టడం. ఉత్త కర్ర పట్టుకుని నడుం నిటారుగా ఉంచి వంగడం. మర్నాడు ఎక్కడెక్కడ కండలున్నాయో అన్నీ తమ ఉనికి చెప్పాయి. బాత్రూములో కూర్చోవడానికి తలుపు గొళ్లెం పట్టుకోవాల్సి వచ్చింది. ఫోన్ చేసి తిట్టాను.

"నొప్పి రెండు దినాలల్ల పోతది అక్కా. ఫికర్ చెయ్యకు. మల్ల గదే పని చేస్తే ఇంత నొప్పి రాదు, చూడు," అంది.

నిజంగానే రాలేదు. అదే నాకు మొదటి ఆశ్చర్యం. రెండోది ఇంకా పెద్దది. నెల తిరిగేసరికి నేను కర్ర వదిలేసి ఇనుప బార్ ఎత్తుతున్నాను. కానీ అద్దంలో చూసుకుంటే చేతులు అవే, కాళ్లు అవే. కండ ఏమీ పెరగలేదు.

"మరి బలం ఎక్కడినుంచి వస్తోంది?" అని అడిగాను.

"కండ ముందుగాల్నే ఉంది అక్కా, సగం పండుకున్నది. నరాలు ఇప్పుడు దాన్ని లేపుతున్నయ్. కండ పెరుగుడు మెల్లగ అయితది. నరాలు, కీళ్లు, ఎముకలు గివన్ని ఒక్కతీరు నడవయ్. ఎముక అన్నిట్లకంటె ఎనుక. నువ్వు తొందరవడితె కండ ఉరుకుతది, కీలు ఆగుతది. దెబ్బ గక్కడ్నే తాకుతది."

మేమిద్దరం బాగా పోట్లాడుకునేవాళ్లం. నేను రోజూ వస్తానంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. "ఒళ్లు ఇంటికాడ కట్టుకుంటది, గీడ కాదు. గీడ ఉత్తగ దానికి చెప్తం, గంతే. పో, పోయి అన్నం తిను, పండుకో," అని ఒకసారి గుమ్మంలోంచే తిప్పి పంపింది. సందులో నిలబడి ఆ కిటికీ వైపు చూస్తూ బిగ్గరగా తిట్టాను. పంక్చర్ల షాపతను పని ఆపి విన్నాడు.

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఎప్పుడూ చెడిపోయి ఉంటుంది. కూరగాయల సంచులతో పైకెక్కి, తలుపు ముందు ఆగి ఊపిరి తీసుకోవడం నాకు అలవాటు. ఒకరోజు ఆగకుండానే తాళం తీశాను. లోపలికి వెళ్లాక గాని ఆ సంగతి గమనించలేదు. ఆకలి పెరిగింది. నిద్ర బరువుగా పట్టేది. నాడి చూసిన డాక్టరమ్మ, విశ్రాంతిలో గుండె మునుపటికంటే నిదానంగా కొట్టుకుంటోందనీ, అది మంచిదేననీ చెప్పింది. ఒక్కో దెబ్బకు ఎక్కువ నెత్తురు తోస్తోంది కాబట్టి దానికి అన్ని దెబ్బలు అక్కర్లేదట. ఏడాది దాటేసరికి జాకెట్ల చేతులు పట్టేశాయి. వదులు చెయ్యమని తీసుకెళ్తే టైలరు కొలతలు చూసి, "లావయ్యారండి," అన్నాడు. నేను లావవ్వలేదని చెప్పినా వినిపించుకోలేదు.

మధ్యలో ఒక సినిమా కోసం అరకులో చాలా రోజులుండాల్సి వచ్చింది. తిరిగొచ్చాక పాత బరువు ఎత్తబోతే లేవలేదు. కింద కూర్చుని బార్‌ని కాలితో తన్నాను, వేలు వాచింది. ఆవిడ ఐసు తెచ్చి పెట్టి, "పోయింది మల్ల వస్తది. మొదటిసారి కంటె జల్ది వస్తది. ఒళ్లు మర్వది," అంది. వచ్చింది కూడా.

అలా కష్టపడి తెచ్చుకున్న చేతుల మీద ఆ దర్శకుడు శాలువా కప్పాడు.

ఇక ఆ సినిమా హీరో సంగతి. పాతికేళ్ల వాడు, నెమ్మదస్తుడు. ఎర్రగడ్డలో పుట్టి పెరిగిన పిల్లాడు, సినిమా వాళ్లెవరూ వెనకలేరు. కెమెరా ముందు మా కోస్తా మాట మాట్లాడతాడు, కట్ అనగానే తన మాటలోకి వచ్చేస్తాడు. రెండో సినిమా కావడంతో ఎవరేం చెప్పినా తలూపుతాడు. చివరి పోరాటంలో అతను చొక్కా చించుకోవాలి. లోపల పలకల్లాంటి ఒళ్లు కనబడాలి. దానికోసం ఒక పర్సనల్ ట్రైనర్‌ని పెట్టారు. సినిమా మొదలయ్యేనాటికి మామూలుగా ఉన్న పిల్లాణ్ని, విడుదల తేదీ దగ్గరపడుతోందని కొద్ది నెలల్లో చెక్కేశారు. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ల కింద నల్లబడింది. అన్నం చూస్తే మొహం తిప్పుకునేవాడు, తినాలనిపిస్తుందని.

ఆ రోజు పొద్దున జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద భవనం ముందు షూటింగ్. దానికి ఆసుపత్రి బోర్డు తగిలించారు. జబ్బు చేసిన తల్లిని కొడుకు రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లెక్కాలి. మధ్యాహ్నం అక్కడికి దగ్గర్లోనే చొక్కా లేని పోరాటం. షాట్ కోసం ఎదురుచూస్తూ ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. అతని పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. మాటిమాటికీ నాలుకతో తడుపుకోబోతున్నాడు, నాలుకా తడిగా లేదు.

"నీళ్లు తాగు నాన్నా," అన్నాను.

"నీళ్లు బంద్ అమ్మా. నిన్నటిసంది."

"బంద్ ఏంటి?"

"ఒంట్ల నీళ్లు తగ్గితె తోలు కండకు అతుక్కుంటదంట. గీతలు మంచిగ వడ్తయంట. ఉప్పు గుడ బంద్ చేసిండ్రు. సాయంత్రం షాట్ అయినంక తాగొచ్చు." కాలి పిక్క నొక్కుకుంటూ నవ్వాడు. "కాళ్లు గుంజుతున్నయ్, గంతే."

నేను లేచి ఆ ట్రైనర్ దగ్గరికి వెళ్లాను. మంచి ఒళ్లున్న మనిషి, చేతిలో పెద్ద నీళ్ల సీసా.

"పిల్లాడికి కాళ్లు పట్టేస్తున్నాయి, చూశారా?"

"నార్మలే మేడమ్. షాట్ టైమ్‌కి బాడీని పీక్‌కి తెస్తున్నాం. మీరు టెన్షన్ పడకండి," అని ఒక గుక్క తాగాడు.

దర్శకుడికి చెప్పాను. "మీరు మరీ అమ్మలా ఫీలవుతున్నారమ్మా," అని మురిసిపోయాడు.

షాట్ మొదలైంది. నేను కళ్లు మూసుకుని, ఒళ్లు వదిలేసి అతని చేతుల్లో ఉన్నాను. మొదటిసారి పైదాకా ఎక్కాడు. డ్రోన్ సరిగా తిరగలేదని మళ్లీ అన్నారు. జూనియర్ ఆర్టిస్ట్ ఒకతను కెమెరా వైపు చూశాడని ఇంకోసారి అన్నారు. ప్రతిసారీ అతని గుండె నా చెవి పక్కనే కొట్టుకోవడం వింటున్నాను. అది కొట్టుకునే తీరు నాకు నచ్చలేదు. నాలుగో టేక్‌లో సగం మెట్లెక్కాక అతని కాలు కర్రలా బిగిసింది. "అమ్మా" అన్నాడు. ఆ మాట డైలాగు కాదు.

నా పాదాలు మెట్టుకు తగిలాయి. అతను మోకాళ్ల మీద కూలుతున్నాడు, తల పై మెట్టు రాతి అంచు మీదికి పోతోంది. నేను ఆలోచించానని చెప్పను. చేతులు అతని చంకల కిందికి వెళ్లి నా ఛాతీకి బిగించుకున్నాయి, తుంట్లు వెనక్కి వెళ్లాయి, నడుం నిటారుగా నిలిచింది. వందలసార్లు ఇనుముతో చేసిన పనే మనిషితో చేశాను. బరువు నా తొడల్లోకి దిగింది. అలాగే మెల్లగా కూర్చుని, అతని తల నా ఒళ్లో పెట్టుకున్నాను. కింద నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు, నటన అనుకుని.

అప్పుడు గాని కట్ అనలేదు.

అందరూ ఎక్కివచ్చారు. అతని కళ్లు తెరిచి ఉన్నాయి కానీ చూపు నిలవడం లేదు. నీళ్లు తెమ్మని అరిచాను. సీసా తెచ్చిన అమ్మాయి చేతిని ట్రైనర్ పట్టుకున్నాడు.

"ప్లీజ్ మేడమ్, వాటర్ వద్దు. లంచ్ తర్వాత షర్ట్‌లెస్ ఉంది. నాలుక మీద కొంచెం తేనె రాస్తే లేస్తాడు."

నాటకాల్లో రౌడీ వేషం వేసినప్పటి గొంతు నాకు ఇంకా ఉంది. చాలా ఏళ్లుగా దాన్ని ఎవరూ వాడనివ్వలేదు. "చెయ్యి తియ్యి," అన్నాను. అతను తీశాడు. కుర్రాడికి స్పృహ ఉందని చూసుకుని, కొద్దికొద్దిగా పెదాలు తడిపాను. గుక్క మింగాడు. అంబులెన్స్ పిలవమన్నాను. ప్రొడక్షన్ మేనేజర్ నా పక్కన చతికిలబడి, "అమ్మా, మీరు కాస్త పక్కకు జరగండి, మేం చూసుకుంటాం. అంబులెన్స్ అంటే బయటికి పొక్కుద్ది," అన్నాడు.

"జరగను. నన్ను లాగి పక్కన పెట్టగలిగేవాడు ఎవడైనా ఉంటే రమ్మను."

ఎవరూ రాలేదు. అంబులెన్స్ వచ్చింది.

ఒంట్లో నీరు, లవణాలు బాగా పడిపోయాయనీ, ఇంకాస్త ఆలస్యమైతే గుండె లయ తప్పేదనీ ఆసుపత్రిలో చెప్పారట. కొన్నాళ్లు ఉంచుకుని పంపించారు. ఈ మాట నాకు యూనిట్‌లో ఎవరూ చెప్పలేదు. కుర్రాడే తర్వాత చెప్పాడు.

ఈలోపు నాకు తెలిసింది వేరే. రెండు రోజుల తర్వాత అక్క తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. ఒక యూట్యూబ్ వీడియో. నా ఫొటో, దాని మీద ఎర్ర బాణం. బరువైన అమ్మను ఎత్తబోయి యువహీరో నడుం పట్టేసిందట. డూప్‌ని పెడదామంటే ఆ సీనియర్ నటి ఒప్పుకోలేదట. ఈ మధ్య జిమ్‌కి వెళ్లి మరీ ఒళ్లు పెంచిందట. కింద కామెంట్ల నిండా నవ్వులు.

"ఇది నువ్వేనా?" అంది అక్క. "నీకు నడుం పట్టేసిందా, వాడికా?"

 చేతులు వణికాయి. ఇన్నేళ్లు కెమెరా ముందు వణికింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఒక పిల్లాణ్ని ఎండగట్టి చంపబోయింది వాళ్లు. వాడి తల రాతికి తగలకుండా పట్టుకున్నది నేను. ఆ పట్టుకున్న చేతులనే తప్పు పట్టారు.

ఆ సాయంత్రమే మేనేజర్ ఫోన్ చేశాడు. "కథలో చిన్న మార్పులొచ్చాయండి."

"అమ్మను తీసేశారా?"

"తియ్యలేదండి. అమ్మ ముందే చనిపోయిందన్నమాట. గోడ మీద ఫొటో ఉంటుంది. మీదే వాడుకుంటాం, పాతది, దండేసి."

మర్నాడు పొద్దున్నే జూబ్లీహిల్స్‌లో వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. పైఅంతస్తు. లిఫ్టు వైపు చూడకుండా మెట్లెక్కాను, కోపం కాళ్లకు కూడా ఉంటుంది. నన్ను సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి చాలాసేపు మరిచిపోయారు. చివరికి నిర్మాత వచ్చాడు. చేతులు జోడించాడు.

"మీరు సీనియర్లు. మీకు తెలియనిదేముందండీ. ఆ వీడియోలు మేం పెట్టించలేదు."

"పెట్టించకపోతే నిజం చెప్పండి. పిల్లాడికి నీళ్లివ్వలేదని చెప్పండి."

"అలా చెప్తే సినిమాకి నెగెటివ్ అవుద్దండీ. రిలీజ్ దగ్గర్లో ఉంది."

"మరి నాకు నెగెటివ్ అవ్వదా?"

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. నాలాంటివాళ్లకు అయ్యే నష్టం ఆయన బుర్రకు తట్టిన సంగతే కాదు. గది బయట గోడల మీద ఆ సంస్థ తీసిన సినిమాల పోస్టర్లున్నాయి. అన్నిటి మీదా చొక్కాల్లేని మగవాళ్లే. నా ఫొటోకు దండ వేస్తే ఊరుకోనని గట్టిగా చెప్పాను. పాత రౌడీ గొంతుతోనే చెప్పాను. ఆఫీసంతా విన్నది. ఆ ఒక్కటీ ఒప్పుకున్నారు. వీడియో అలాగే ఉంది, ఇప్పటికీ ఉంది.

జిమ్‌కి వెళ్లి శిక్షకురాలికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ నాకంటే ఎక్కువ మండిపడింది.

"పోటీల దినాలల్ల మేం గుడ బరువు తగ్గించుకునేందుకు నీళ్లు బంద్ వెట్టేది. మాతోని ఉన్న పిల్ల ఒకతి కండ్ల ముందట్నే వడిపోయింది. గందుకే నేను ఎవ్వర్ని గట్ల చెయ్యనియ్య." చేతిలోని ప్లేటు స్టాండుకు తగిలించింది. "నీళ్లు దీసి చూపెట్టేది బలమెట్లయితది? గది ఎండుడు."

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మా ఇంటి బెల్లు మోగింది. టోపీ, మాస్కు పెట్టుకుని కుర్రాడు నిలబడి ఉన్నాడు. లిఫ్టు పనిచెయ్యక మెట్లెక్కి వచ్చి గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. పోస్టర్లలో ఉన్న ఒళ్లు, మా ఇంటి మెట్లు ఎక్కలేకపోతోంది.

లోపలికి రమ్మన్నాను. కూర్చోమనలేదు. అతనే నిలబడి మాట్లాడాడు.

"అమ్మా, నన్ను మాఫ్ చెయ్యండి. వాళ్లు గట్ల చెప్తరని నాకు తెల్వదు."

"తెలిశాక నువ్వేం చెప్పావు?"

తల దించుకున్నాడు.

"నీ ఫోన్లో కెమెరా ఉంది. నిన్ను చూసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. అమ్మ నన్ను పట్టుకుందని ఒక్క మాట అనడానికి నీకు నోరు రాలేదు."

"అంటే నా సినిమా పోతది అమ్మా. మల్ల ఎవ్వరు పిలువరు. మా ఇంట్ల నేనొక్కణ్నే..." ఆపేశాడు.

నాకు కోపం తగ్గలేదు. అతను చెప్పింది అబద్ధం కాదని తెలుసు, అందుకే ఇంకా పెరిగింది. ఆ భయంతోనే వాళ్లందరూ బతుకుతున్నారు. నేనూ అదే భయంతో అన్నేళ్లు దగ్గాను.

ఇంతలో అక్క వంటింట్లోంచి పెసరట్టు తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఆవిడ ఎవర్నీ అడగదు. అతను పళ్లెం వైపు చూసిన చూపు నేనెప్పటికీ మరిచిపోను. నిలబడే తిన్నాడు. ఇంకోటి వేసింది, తిన్నాడు. అల్లప్పచ్చడి వేలితో తుడిచి నాకాడు. తింటూ ఏడుస్తున్నాడని అక్క ముందు గమనించింది.

"కూర్చుని తిను నాయనా," అంది.

అప్పుడు కూర్చున్నాడు. చొక్కా లేని షాట్ తర్వాత తీశారట. గీతలు సరిగా రాలేదని కంప్యూటర్లో వేశారట. అది చెప్పి అతనే నవ్వబోయాడు. నేను నవ్వలేదు. "అలా వేసేదానికి నీ ప్రాణం మీదికి ఎందుకు తెచ్చారురా?" అన్నాను.  వెళ్లేటప్పుడు కాళ్లకు దండం పెట్టాడు. బాగా తినమని చెప్పి పంపించాను. క్షమించానని మాత్రం చెప్పలేదు, ఎందుకంటే క్షమించలేదు.

సినిమా వచ్చింది, కొద్దిరోజులు ఆడింది, పోయింది. గోడ మీద వేరే ఎవరిదో ఫొటో పెట్టారట. నాకు పిలుపులు తగ్గాయి. నోరెక్కువని పేరొచ్చింది. ఒక వెబ్ సిరీస్‌లో జైలు అధికారిణి వేషం ఇచ్చారు. పొట్టి చేతుల ఖాకీ చొక్కా వేసుకున్నాను, ఎవరూ శాలువా కప్పలేదు. ఆ తర్వాత చాలాకాలం ఏమీ లేదు.

ఈ మధ్య ఎముకల పరీక్ష మళ్లీ చేయించుకున్నాను. గొప్పగా పెరగలేదు. తగ్గడం ఆగింది, నడుం దగ్గర కాస్త మెరుగైంది. "ఈ వయసులో ఆగడమే గెలుపు," అంది డాక్టరమ్మ. నాకు మాత్రం అది చాలదనిపించింది. ఆ మాటే జిమ్‌లో చెప్తే శిక్షకురాలు నా బార్‌కి రెండు పక్కలా చిన్న ప్లేట్లు ఎక్కించింది. వంగి పట్టుకున్నాను. నేల నుంచి కొంచెం లేచి ఆగిపోయింది. పళ్లు బిగించాను. రాలేదు.

"ఇయ్యాల గాదు," అందావిడ. "పో ఇంటికి."

"ఇంకోసారి."

"పో అంటున్న కదా!"

తిట్టుకుంటూనే మెట్లు దిగాను. ఎండగా ఉంది, బాగా ఆకలేస్తోంది.